ప్రత్యర్థి పార్టీ లేని పోటీ: వియత్నాం జాతీయ అసెంబ్లీ ఎన్నికలు ఎలా నడుస్తాయి?

క్లుప్తంగా: వియత్నాంలో ఐదేళ్లకోసారి జరిగే జాతీయ అసెంబ్లీ ఎన్నికల్లో స్థానాలకంటే అభ్యర్థులు ఎక్కువమందే ఉంటారు, రహస్య బ్యాలెట్ ఉంటుంది, ఓడిపోయేవారూ ఉంటారు. అయితే ఎవరు బరిలో నిలవాలన్నది కమ్యూనిస్టు పార్టీ నేతృత్వంలోని ఫాదర్‌ల్యాండ్ ఫ్రంట్ మూడు విడతల సంప్రదింపుల్లో తేలుస్తుంది. ప్రభుత్వాన్ని ఎవరు నడపాలన్నది అంతకుముందే పార్టీ మహాసభలో తేలిపోతుంది. ఈ రెండింటి మధ్య ఓటరుకు మిగిలే చోటు చాలా చిన్నది. ఆ చిన్న చోటును పార్టీ మూసివేయకుండా ఎందుకు ఉంచింది, దానితో ఏం సాధిస్తోంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2021 మే 23న వియత్నాం 15వ జాతీయ అసెంబ్లీకి జరిగిన ఎన్నికల్లో 500 స్థానాలకు 868 మంది పోటీ చేశారు. అధికారిక లెక్కల ప్రకారం 99.6 శాతం ఓటర్లు ఓటు వేశారు. ఎన్నికైన 499 మందిలో పార్టీ సభ్యులు కానివారు 14 మంది. దేశ జనాభాలో కమ్యూనిస్టు పార్టీ సభ్యులు దాదాపు ఐదు శాతం కాగా, అసెంబ్లీలో వారి వాటా 97 శాతం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన బయటి పాఠకుడికి సహజంగా రెండు అభిప్రాయాలు కలుగుతాయి. ఇదంతా ఉత్త తతంగమన్నది ఒకటి. ఒక్కో స్థానానికి దాదాపు ఇద్దరేసి పోటీపడుతున్నారు కాబట్టి ఇది ఎంతో కొంత ప్రజాస్వామ్యమేనన్నది రెండోది. ఎన్నిక జరిగే తీరును దశలవారీగా పరిశీలిస్తే రెండూ తొందరపాటు అభిప్రాయాలేనని తెలుస్తుంది.

చట్టంలో ఉన్నదేమిటి

2013 రాజ్యాంగం 69వ అధికరణం ప్రకారం జాతీయ అసెంబ్లీ ప్రజల అత్యున్నత ప్రాతినిధ్య సంస్థ, రాజ్యాధికారానికి అత్యున్నత అంగం. అదే రాజ్యాంగం 4వ అధికరణం కమ్యూనిస్టు పార్టీని రాజ్యానికీ సమాజానికీ నాయకత్వ శక్తిగా ప్రకటిస్తుంది. రెండు అధికరణాలూ ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నట్లు కనిపించినా ఆచరణలో ఎక్కడా ఢీకొనవు. పార్టీ నిర్ణయిస్తుంది, అసెంబ్లీ ఆ నిర్ణయానికి చట్టరూపం ఇస్తుంది. 18 ఏళ్లు నిండినవారికి ఓటు హక్కు, 21 ఏళ్లు నిండినవారికి పోటీ చేసే హక్కు ఉన్నాయి. ఎన్నిక సార్వత్రికంగా, సమానంగా, ప్రత్యక్షంగా, రహస్య బ్యాలెట్‌తో జరగాలని రాజ్యాంగమే చెబుతోంది.

ఈ సంప్రదాయానికి చరిత్ర కూడా ఉంది. 1946 జనవరి 6న, స్వాతంత్ర్య ప్రకటన జరిగిన నాలుగు నెలలకే, హో చి మిన్ ప్రభుత్వం మొదటి సార్వత్రిక ఎన్నికలు నిర్వహించింది. 333 మంది ఎన్నికకాగా, చైనా జాతీయవాదుల అండ ఉన్న రెండు ప్రత్యర్థి పక్షాలకు పోటీ లేకుండానే మరో 70 స్థానాలు కేటాయించారు. దక్షిణాన ఫ్రెంచి సేనలతో పోరాటం సాగుతుండగానే జరిగిన ఆ పోలింగ్‌ను పార్టీ ఈనాటికీ తన పాలనార్హతకు పునాదిగా చూపుతుంది. యుద్ధానంతరం ఉత్తర, దక్షిణ ప్రాంతాలకు ఉమ్మడి ఎన్నికలు 1976 ఏప్రిల్ 25న జరిగాయి. మరో సంగతి అంతగా ప్రచారంలో లేదు: 1988 వరకు డెమోక్రటిక్ పార్టీ, సోషలిస్టు పార్టీ అనే రెండు చిన్న అనుబంధ పక్షాలు వియత్నాంలో ఉండేవి. అవి రద్దయిన తర్వాతే దేశం లాంఛనంగా కూడా ఏకపార్టీ రాజ్యమైంది. విచిత్రమేమిటంటే, ఆర్థిక సంస్కరణలు ఊపందుకొని అసెంబ్లీలో గొంతులు కాస్త లేచిన కాలం కూడా అదే.

మూడు విడతల వడపోత

వియత్నాం ఎన్నికల అసలు పోటీ పోలింగ్ కేంద్రంలో కంటే ఎంతో ముందు, ఫాదర్‌ల్యాండ్ ఫ్రంట్ సమావేశ మందిరాల్లో జరుగుతుంది. కార్మిక సంఘాలు, రైతు, మహిళా, యువజన సంఘాలు, మత సంస్థలు, మాజీ సైనికుల సంఘం వంటివాటన్నింటినీ కలిపి పార్టీ నాయకత్వంలో నడిచే కూటమి ఇది. అభ్యర్థుల ఎంపికను చట్టం ఈ ఫ్రంట్‌కే అప్పగించింది.

మొదటి విడత సంప్రదింపుల్లో పేర్ల ప్రస్తావనే రాదు. ఏ సంస్థకు ఎన్ని స్థానాలు, ఏ రాష్ట్రానికి ఎన్ని, మహిళలు ఎందరు, అల్పసంఖ్యాక జాతులవారు ఎందరు, పార్టీయేతరులు ఎందరు, సైన్యం నుంచి ఎందరు అన్న పట్టిక ముందు సిద్ధమవుతుంది. 2021లో 500 స్థానాల్లో 207 కేంద్ర సంస్థల ప్రతినిధులకు, 293 స్థానిక ప్రతినిధులకు అని ముందే కేటాయించారు. తుది అభ్యర్థుల జాబితాలో మహిళలు కనీసం 35 శాతం, అల్పసంఖ్యాక జాతులవారు కనీసం 18 శాతం ఉండాలని 2015 ఎన్నికల చట్టం నిర్దేశిస్తోంది. అంటే సభ స్వరూపాన్ని ముందు గీసి, ఆ గీతల్లో ఇమిడే మనుషులను తర్వాత వెతుకుతారు. 2021లో ఎన్నికైనవారిలో 151 మంది మహిళలు ఉండటానికి, అంటే 30 శాతం దాటడానికి కారణం ఈ పద్ధతే. చాలా బహుళపార్టీ దేశాలు ఇంకా చేరుకోని స్థాయి ఇది. అయితే ఈ పద్ధతికి మరో ముఖం కూడా ఉంది. యువతి, అల్పసంఖ్యాక జాతి, పార్టీయేతర వ్యక్తి అన్న మూడు గడులనూ ఒకే అభ్యర్థితో నింపి, ఆమెను ఉన్నతాధికారికి పోటీగా నిలబెట్టడం తరచుగా జరుగుతుందన్న విమర్శ వియత్నాంలోనే వినిపిస్తుంటుంది. కోటా ఉన్నది అభ్యర్థిత్వానికే తప్ప గెలుపుకు కాదు. అందుకే 35 శాతం దాటిన మహిళా అభ్యర్థుల వాటా ఫలితాల్లో 30 శాతానికి దిగింది.

రెండో విడతలో ప్రాథమిక జాబితా తయారవుతుంది. ఆ తర్వాత ప్రతి అభ్యర్థీ తాను పనిచేసే చోటా, నివసించే వార్డులోనూ ఓటర్ల సమావేశాన్ని ఎదుర్కోవాలి. హాజరైనవారిలో సగానికి మించి విశ్వాసం ప్రకటించకపోతే పేరు ముందుకు సాగడం కష్టం. మూడో విడతలో ఫ్రంట్ తుది జాబితా ఖరారు చేస్తుంది.

ఎవరూ ప్రతిపాదించకుండా స్వయంగా నామినేషన్ వేసుకునే హక్కు కూడా చట్టంలో ఉంది. 2016లో ఈ హక్కును పరీక్షించి చూడాలని పౌర సమాజానికి చెందిన పలువురు ముందుకొచ్చారు. వారిలో పేరున్న సామాజిక కార్యకర్త న్గుయెన్ క్వాంగ్ ఆ, గాయని మాయ్ ఖోయ్ ఉన్నారు. ఆ ఏడాది దేశవ్యాప్తంగా 162 మంది స్వయం ప్రతిపాదితులు ఉండగా మూడో విడత ముగిసేసరికి 11 మంది మిగిలారు, వారిలో ఇద్దరు గెలిచారు. ప్రభుత్వాన్ని విమర్శించేవారిలో ఒక్కరూ తుది జాబితాకు చేరలేదు. వారిలో చాలామందిని ఆపింది చట్టంలోని ఏ అనర్హత నిబంధనా కాదు, ఇరుగుపొరుగు సమావేశాలే. ఆ సమావేశాలకు ఎవరిని పిలవాలన్నది స్థానిక యంత్రాంగం చేతిలో ఉంటుంది. ఫలానావారిని అభ్యర్థిత్వానికి అనర్హులని ప్రకటించే అధికారి ఎవరూ కనిపించరు. ప్రజలే తిరస్కరించారన్న రికార్డు మాత్రం మిగులుతుంది. 2021లో తుది జాబితాలో 9 మంది స్వయం ప్రతిపాదితులే ఉన్నారు, నలుగురు గెలిచారు. అదే ఏడాది మార్చిలో స్వతంత్రంగా పోటీకి సిద్ధపడిన ఇద్దరు విమర్శకులను అరెస్టు చేశారు. రాజ్యవ్యతిరేక ప్రచారం చేశారన్న అభియోగంపై ఆ తర్వాత వారికి జైలుశిక్షలు పడ్డాయి.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సందేహం రావచ్చు. మన దగ్గర కూడా టికెట్ ఇచ్చేది హైకమాండే కదా, బీ ఫారం చేతికి అందకపోతే ఎంత పెద్ద నాయకుడైనా పార్టీ గుర్తుపై నిలబడలేడు కదా అని. ఆ మాట నిజమే. అయితే హైకమాండ్ కాదన్న వ్యక్తికి రిటర్నింగ్ అధికారి తలుపు తెరిచే ఉంటుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం నిజామాబాద్ రైతులు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేసి బరిలో ఉన్నవారి సంఖ్యను 185కు చేర్చినప్పుడు, ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రాల ఏర్పాటునే మార్చుకోవలసి వచ్చింది తప్ప వారిని జాబితా నుంచి తప్పించలేకపోయింది. వియత్నాం పద్ధతిలో అలాంటి నిరసన రెండో విడతకూ మూడో విడతకూ మధ్యే ఆగిపోతుంది.

పేరు కొట్టివేసే బ్యాలెట్, దాని లెక్క

వియత్నాంలో ఓటరు తనకు నచ్చినవారికి గుర్తు పెట్టడు, నచ్చనివారి పేరు కొట్టివేస్తాడు. ఒక నియోజకవర్గం నుంచి గరిష్ఠంగా ముగ్గురు ఎన్నికవుతారు. మూడు స్థానాలున్న చోట అభ్యర్థులు కనీసం ఇద్దరు ఎక్కువగా ఉండాలి, కాబట్టి సాధారణంగా బ్యాలెట్‌పై ఐదు పేర్లు ఉంటాయి. కనీసం రెండు పేర్లు కొట్టివేయాలి. ముగ్గురికి మించి పేర్లు మిగిలితే ఓటు చెల్లదు. గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగానికి మించి రావాలి.

ఈ లెక్కను కాస్త విడమరచి చూడాలి. ప్రతి ఓటరూ సరిగ్గా ఇద్దరిని కొట్టివేసి ముగ్గురిని ఉంచితే, అభ్యర్థులకు సగటున 60 శాతం మద్దతు దానంతటదే వస్తుంది. అంటే 50 శాతం గీత దాటడం అంత కష్టమేమీ కాదు. ముగ్గురూ దాటే అవకాశమే ఎక్కువ. మరో నిబంధన ఇంకా కీలకమైనది. ఐదు పేర్లనూ కొట్టివేస్తే ఆ బ్యాలెట్ చెల్లని ఓటుగా పక్కకు పోతుంది. గెలుపును లెక్కించేది చెల్లిన ఓట్లలో సగం ప్రాతిపదికన కాబట్టి అందరినీ తిరస్కరించిన ఓటరు వల్ల ఏ అభ్యర్థికీ నష్టం లేదు. మన నోటా కూడా ఫలితాన్ని మార్చదు, కానీ ఎంతమంది నోటా నొక్కారో విడిగా లెక్కించి ప్రకటిస్తారు. వియత్నాంలో అలాంటి ఓటు పొరపాటున పాడైన బ్యాలెట్లతో కలిసిపోతుంది.

ఈ జాగ్రత్త వెనుక ఏముందో 1989 నాటి తూర్పు ఐరోపా చూపుతుంది. పోలండ్‌లో ఆ ఏడాది జూన్ 4న జరిగిన ఎన్నికల్లోనూ పేర్లు కొట్టివేసే పద్ధతే ఉండేది. దిగువ సభలో 65 శాతం స్థానాలను కమ్యూనిస్టులకూ వారి మిత్రపక్షాలకూ ముందే రిజర్వు చేశారు. ప్రధాని రకోవ్‌స్కీ సహా పాలక పక్ష ప్రముఖులు 35 మందిని ప్రత్యర్థులే లేని జాతీయ జాబితాలో ఉంచారు. చేయవలసిందల్లా సగం ఓట్లు దాటడమే. ఓటర్లు జాబితా మొత్తాన్నీ అడ్డంగా కొట్టివేశారు. 33 మంది ఓడిపోయారు. గట్టెక్కిన ఇద్దరిలో ఒకరి పేరు జాబితా అట్టడుగున ఉండటంతో ఓటర్లు గీసిన పెద్ద అడ్డగీత అక్కడిదాకా చేరలేదని పోలండ్‌లో చెప్పుకుంటారు. అంతకు రెండు నెలల ముందు సోవియట్ యూనియన్‌లో జరిగిన ప్రజాప్రతినిధుల మహాసభ ఎన్నికల్లో, పొలిట్‌బ్యూరో ప్రత్యామ్నాయ సభ్యుడైన లెనిన్‌గ్రాడ్ పార్టీ కార్యదర్శి యూరీ సొలొవ్యోవ్ ఒక్కడే అభ్యర్థిగా నిలిచి కూడా ఓడిపోయాడు. ఒక్క పేరున్న బ్యాలెట్ సురక్షితమన్న నమ్మకం ఆ రోజుతో చెదిరింది. ఎంపికకు కొంత వీలిచ్చి, మూకుమ్మడి తిరస్కారానికి లెక్కలో చోటులేకుండా చేసిన బ్యాలెట్ పాలకులకు ఏకైక అభ్యర్థి ఉన్న బ్యాలెట్ కంటే భద్రమైనది. హనోయి పద్ధతి అచ్చంగా అలాంటిది.

అయితే ఓటమి అసలే ఉండదని కాదు. 2016లో కేంద్ర సంస్థలు ప్రతిపాదించిన 197 మందిలో 182 మందే గెలిచారు. తమ ప్రాంతంతో సంబంధం లేకుండా హనోయి నుంచి వచ్చి నిలబడ్డ అధికారులను కొన్నిచోట్ల స్థానిక ఓటర్లు వదిలించుకున్నారు. ఎన్నికైన తర్వాత కూడా ఒక వడపోత ఉంది. అదే ఏడాది హౌ జాంగ్ రాష్ట్రం నుంచి 75 శాతానికి పైగా ఓట్లతో గెలిచిన ట్రిన్ సువాన్ థాన్ సభ్యత్వాన్ని జాతీయ ఎన్నికల మండలి ధ్రువీకరించలేదు. ప్రభుత్వరంగ నిర్మాణ సంస్థకు ఆయన హయాంలో వచ్చిన భారీ నష్టాలపై అప్పటికే పార్టీ విచారణ మొదలైంది. వేరే దేశ పౌరసత్వం కూడా ఉందన్న కారణంతో మరొక విజేతను తప్పించారు. ఎన్నికైనవారు 496 మంది కాగా సభలోకి వెళ్లింది 494 మంది.

99 శాతం పోలింగ్ ఎలా సాధ్యం

తప్పనిసరి ఓటింగ్ చట్టం లేని దేశంలో 2011, 2016, 2021 మూడు ఎన్నికల్లోనూ 99 శాతం దాటిన పోలింగ్ నమోదైంది. దీనికి మూలం వార్డు స్థాయి యంత్రాంగం. వీధి పెద్దలు ఇంటింటికీ తిరుగుతారు, లౌడ్‌స్పీకర్లు ఉదయం నుంచే మోగుతాయి, రోగుల వద్దకూ వృద్ధుల వద్దకూ సంచార బ్యాలెట్ పెట్టెలు వెళతాయి. మధ్యాహ్నానికల్లా వంద శాతం పూర్తిచేయాలని వార్డుల మధ్య పోటీ కూడా నడుస్తుంది. ఓటు స్వయంగా వేయాలని చట్టం చెబుతున్నా, ఇంట్లో ఒకరు మిగిలినవారి ఓటరు కార్డులు కూడా పట్టుకెళ్లి అందరి తరఫునా వేసిరావడం విస్తృతంగా ఉన్న అలవాటు. పోలింగ్ శాతం స్థానిక అధికారి పనితీరుకు కొలమానమైనప్పుడు ఆ అలవాటును ఆపాలన్న ఆసక్తి ఎవరికీ ఉండదు. కాబట్టి 99 శాతం అన్న అంకెను ప్రజల ఉత్సాహానికి కొలతగా చదవడం కంటే యంత్రాంగం చొచ్చుకుపోయిన లోతుకు కొలతగా చదవడం సరైనది.

క్యూబాతో పోలిస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ 2023 మార్చి 26న 470 స్థానాలకు సరిగ్గా 470 మంది అభ్యర్థులే నిలిచారు, అందరూ గెలిచారు. ఎంపిక పరంగా వియత్నాం కంటే ఇరుకైన ఎన్నిక అది. కానీ పోలింగ్ 75.9 శాతానికి పడిపోయింది, అంతకు ఐదేళ్ల ముందు 85 శాతం పైగా ఉండేది. ఎవరు గెలుస్తారన్నదానిలో అనిశ్చితి లేని చోట, ఓటరు ఇంట్లోనే ఉండిపోవడం ఒక్కటే కంటికి కనిపించే అసమ్మతి అయింది. ఆ అంకెను ఉన్నదున్నట్లు ప్రకటించడం వల్ల క్యూబా ఎన్నిక వియత్నాం ఎన్నిక కంటే ఎక్కువ విషయం చెబుతోందని కూడా అనవచ్చు.

ప్రభుత్వం ముందు, ఎన్నిక తర్వాత

పార్లమెంటరీ వ్యవస్థల్లో ఎన్నిక ముగిశాక ప్రభుత్వం ఏర్పడుతుంది. వియత్నాంలో ఈ వరుస తలకిందులు. పార్టీ మహాసభ ఎన్నికల ఏడాది జనవరిలో జరిగి కేంద్ర కమిటీని, దాని ద్వారా పొలిట్‌బ్యూరోను ఎన్నుకుంటుంది. దేశాధ్యక్షుడు, ప్రధాని, అసెంబ్లీ అధ్యక్ష పదవులకు పేర్లను ఆ కేంద్ర కమిటీయే ప్రతిపాదిస్తుంది. 2016లోనూ 2021లోనూ కాలం తీరబోతున్న పాత అసెంబ్లీయే, కొత్త ఎన్నికలకు నెల పైచిలుకు ముందు, కొత్త నాయకులను ఆ పదవుల్లోకి ఎన్నుకుంది. 2021 ఏప్రిల్ 5న న్గుయెన్ సువాన్ ఫుక్ దేశాధ్యక్షుడిగా, ఫామ్ మిన్ చిన్ ప్రధానిగా అలాగే బాధ్యతలు చేపట్టారు. మేలో ప్రజలు ఓటు వేశారు. జులైలో కొత్త అసెంబ్లీ సమావేశమై మళ్లీ వారినే ఎన్నుకుంది. ప్రజల ఓటుకూ ప్రభుత్వ ఏర్పాటుకూ మధ్య సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

16వ అసెంబ్లీ ఎన్నికల తేదీని 2026 మార్చి 15కు ముందుకు జరపడాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. అంతకుముందు మూడు ఎన్నికలూ మే నెలలో జరిగాయి. జనవరి మహాసభకూ కొత్త అసెంబ్లీకీ మధ్య ఉండే నెలల తరబడి విరామం తగ్గితే పాత సభతో ఒకసారి, కొత్త సభతో మరోసారి నాయకులను ఎన్నుకోవలసిన అవసరం తప్పుతుంది. అందుకోసం 15వ అసెంబ్లీ కాలపరిమితినే కుదించారు. పార్టీ క్యాలెండర్‌కు రాజ్యాంగ క్యాలెండర్ సర్దుకుంది.

సభలో వినిపించే గొంతులు

ఇంత వడపోత తర్వాత సభకు చేరినవారు తలలూపడం తప్ప మరేమీ చేయరని అనుకోవడం తేలిక. 1988 జూన్‌లోనే దానికి భిన్నమైన ఘట్టం ఒకటి జరిగింది. ప్రధాని ఫామ్ హుంగ్ మరణం తర్వాత పార్టీ దో మువోయ్‌ను ప్రతిపాదించగా, దక్షిణాది ప్రతినిధులు వో వాన్ కియెట్‌ను పోటీకి నిలిపారు. కియెట్ ఓడిపోయినా మూడోవంతుకు పైగా ఓట్లు సాధించాడు. మూడేళ్ల తర్వాత ఆయనే ప్రధాని అయ్యాడు. 2010 జూన్‌లో ప్రభుత్వం తెచ్చిన ఉత్తర-దక్షిణ హైస్పీడ్ రైలు ప్రతిపాదనను అసెంబ్లీ తిరస్కరించింది. దాని అంచనా వ్యయం 5,600 కోట్ల డాలర్లు. దేశం ఆ అప్పును మోయలేదన్న వాదన సభలోనూ పత్రికల్లోనూ బలంగా వినిపించింది. అదే ఏడాది నవంబరులో, దివాలా అంచుకు చేరిన ప్రభుత్వ నౌకా నిర్మాణ సంస్థ వినాషిన్ వ్యవహారంపై విచారణ సంఘం వేసి, ప్రధాని న్గుయెన్ తన్ జుంగ్‌పై విశ్వాస ఓటింగ్ జరపాలని న్గుయెన్ మిన్ థుయెత్ అనే సభ్యుడు ప్రత్యక్ష ప్రసారంలో డిమాండ్ చేశాడు. ఆ డిమాండ్ నెరవేరలేదు.

2013 జూన్‌లో అసెంబ్లీ తొలిసారి 47 మంది ఉన్నత పదవుల్లోని వారిపై విశ్వాస ఓటింగ్ నిర్వహించింది. సభ్యుల ముందున్న ఎంపికలు మూడు: అధిక విశ్వాసం, విశ్వాసం, తక్కువ విశ్వాసం. అవిశ్వాసం అన్న గడి లేదు. అయినా కేంద్ర బ్యాంకు గవర్నరుకు 209, ప్రధానికి 160 ‘తక్కువ విశ్వాసం’ ఓట్లు పడ్డాయి, ఆ అంకెలు పత్రికల్లో అచ్చయ్యాయి. అత్యధిక అసంతృప్తి మూటగట్టుకున్న ఆ గవర్నర్ 2016లో పొలిట్‌బ్యూరో సభ్యుడయ్యాడు. సభ సంకేతం ఇవ్వగలదు. ఆ సంకేతాన్ని పట్టించుకోవాలా వద్దా అన్నది పార్టీ ఇష్టం.

సభ పరిమితులకు నిర్మాణపరమైన కారణమూ ఉంది. సభ్యుల్లో అధికశాతం పూర్తికాల శాసనకర్తలు కారు. మంత్రులు, రాష్ట్రాల పార్టీ కార్యదర్శులు, న్యాయమూర్తులు, సైనికాధికారులు తమ పదవుల్లో ఉంటూనే మామూలుగా ఏడాదికి రెండుసార్లు సమావేశాలకు వస్తారు. కార్యనిర్వాహక వర్గాన్ని పర్యవేక్షించవలసినవారిలో ఎక్కువమంది ఆ వర్గంలోనే ఉద్యోగులు. పూర్తికాల సభ్యుల వాటా కనీసం 35 శాతం ఉండాలన్న నిబంధనను 2020 సవరణతో 40 శాతానికి పెంచారు.

2007లో ఎన్నికైన సభపై ఎడ్మండ్ మలెస్కీ, పాల్ షూలర్ అనే రాజనీతి శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనల్లో, స్థానికంగా నామినేట్ అయినవారు, పూర్తికాల సభ్యులు మంత్రులను ఎక్కువగా నిలదీస్తారని తేలింది. ఆర్థికవేత్త అన్ ట్రాన్‌తో కలిసి వారు చేసిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరం. 493 మంది సభ్యుల్లో 144 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకొని, సభలో వారి ప్రశ్నలు, ప్రసంగాల వివరాలను ఇంటర్నెట్‌లో ప్రముఖంగా పెట్టారు. పారదర్శకత పెరిగితే ప్రతినిధులు మరింత చురుకుగా మారతారన్నది సాధారణ అంచనా. ఇంటర్నెట్ వాడకం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల నుంచి వచ్చిన సభ్యుల విషయంలో ఫలితం అందుకు విరుద్ధంగా వచ్చింది. వారు ప్రశ్నలు తగ్గించుకున్నారు, మళ్లీ సభకు వచ్చే అవకాశాలు కూడా వారికి తగ్గాయి. తిరిగి నామినేషన్ ఇచ్చేది ఓటరు కానప్పుడు, ఓటరు కళ్లముందు మాట్లాడటం ప్రతినిధికి లాభం కంటే ప్రమాదమే ఎక్కువ.

ఇతర ఏకపార్టీ రాజ్యాల్లో

చైనాలో జాతీయ ప్రజా కాంగ్రెస్‌కు ప్రజలు నేరుగా ఓటు వేయరు. కౌంటీ, టౌన్‌షిప్ స్థాయి వరకే ప్రత్యక్ష ఎన్నిక. ఆపైన ఒక్కో స్థాయి ప్రతినిధులు తమ పైస్థాయిని ఎన్నుకుంటూ పోతారు. దాదాపు 3,000 మంది ఉండే ఆ సభ ఏడాదికోసారి కొద్ది రోజులు మాత్రమే సమావేశమవుతుంది. లావోస్ పద్ధతి వియత్నాంకు దగ్గరగా ఉంటుంది: 2021 ఫిబ్రవరిలో 164 స్థానాలకు 224 మంది పోటీ చేయగా 158 మంది పార్టీ సభ్యులు గెలిచారు. ఉత్తర కొరియాలో 2019 మార్చి ఎన్నికల్లో 687 స్థానాలకూ ఒక్కో అభ్యర్థే. అక్కడ కూడా 2023 నవంబరు స్థానిక ఎన్నికల్లో వ్యతిరేక ఓట్లు పడినట్లు ప్రభుత్వ మాధ్యమాలు దశాబ్దాల తర్వాత మొదటిసారి ప్రకటించాయి. అవి ఒక శాతంలో పదోవంతు దరిదాపుల్లో ఉన్నాయి.

ప్రత్యక్ష ఎన్నిక, ఎక్కువమంది అభ్యర్థులు, ప్రత్యక్ష ప్రసారమయ్యే ప్రశ్నోత్తరాలు, తిరస్కరించిన ప్రభుత్వ బిల్లులు, ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఈ దేశాలన్నింటిలో వియత్నాం సభకే కదలిక ఎక్కువ.

పార్టీకి ఒరిగేదేమిటి

బలప్రయోగంతోనే పాలించగలిగిన పార్టీ ఇంత శ్రమతో ఎన్నిక ఎందుకు జరపాలి? ప్రజామోదం ఉన్నట్లు కనిపించాలన్న కోరిక ఒక కారణం. కానీ దానికి ఒక్క పేరున్న బ్యాలెట్ సరిపోతుంది, అదనపు అభ్యర్థులు అక్కర్లేదు. అదనపు అభ్యర్థుల వల్ల పార్టీకి సమాచారం దొరుకుతుంది. ఐదుగురిలో ఎవరికి ఎంత శాతం వచ్చిందన్నది స్థానిక అధికారి మంచిచెడులపై పై అధికారులు పంపే నివేదికల్లో దొరకని విషయం. రాష్ట్ర పార్టీ కార్యదర్శి తన రాష్ట్రంలోనే తక్కువ శాతంతో గెలిచాడంటే కేంద్రానికి అది ఒక హెచ్చరిక. రెండో ప్రయోజనం చేర్చుకోవడం. బౌద్ధ భిక్షువులు, కాథలిక్ మతాచార్యులు, ప్రైవేటు వ్యాపారులు, శాస్త్రవేత్తలు కోటాల ద్వారా సభలోకి వస్తారు. బయట వేరే వేదిక కట్టుకోగల వర్గాలకు లోపలే ఒక కుర్చీ దొరుకుతుంది. మూడోది, కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య బేరసారాలు. నిధులు, ప్రాజెక్టులు, భూసేకరణ నిబంధనల మీద రాష్ట్రాల అసంతృప్తి వీధికెక్కకుండా సభలోనే బయటపడుతుంది.

అయితే ఈ ఏర్పాటు ఎప్పుడూ అనుకున్నట్లే సాగదు. 2018 జూన్‌లో మూడు ప్రత్యేక ఆర్థిక మండలాల్లో భూమిని 99 ఏళ్ల వరకు లీజుకు ఇచ్చే బిల్లు సభకు రాగా, అది చైనా చేతికి భూమి అప్పగించడమేనన్న ఆగ్రహంతో పలు నగరాల్లో జనం రోడ్డెక్కారు. బిల్లు వాయిదా పడింది. ఆ ఆందోళనకు ముందుగా దారి చూపవలసిన సభ దాన్ని పసిగట్టలేకపోయింది. అదే వారంలో, ఇంటర్నెట్‌పై నియంత్రణను బిగించే సైబర్ భద్రతా చట్టాన్ని మాత్రం 86 శాతానికి పైగా మద్దతుతో ఆమోదించింది.

ఇకపై గమనించవలసినవి

ఇటీవలి పరిణామాలు సభలోని కదలికను తగ్గించే దిశగానే ఉన్నాయి. 2010లో తిరస్కరణకు గురైన హైస్పీడ్ రైలు ప్రాజెక్టు 2024 నవంబరులో 6,700 కోట్ల డాలర్ల అంచనాతో తిరిగి వచ్చి భారీ మెజారిటీతో ఆమోదం పొందింది. 2024లో రెండు నెలల వ్యవధిలో దేశాధ్యక్షుడూ అసెంబ్లీ అధ్యక్షుడూ పార్టీ అవినీతి వ్యతిరేక చర్యల ఒత్తిడిలో రాజీనామా చేసినప్పుడు, సభ చేసిందల్లా కేంద్ర కమిటీ నిర్ణయాలను వరుసగా ఆమోదించడమే. 2025 జూన్ 16న జిల్లా స్థాయి పాలనను రద్దుచేస్తూ రాజ్యాంగాన్ని సవరించే తీర్మానానికి హాజరైన 470 మంది సభ్యులూ అనుకూలంగా ఓటు వేశారు. వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా లేదు.

ఆ సవరణలతో పాటు 63గా ఉన్న రాష్ట్ర స్థాయి పాలనా విభాగాలు 2025 జులై 1 నుంచి 34కు తగ్గాయి. ప్రజా సంఘాలన్నీ ఫాదర్‌ల్యాండ్ ఫ్రంట్ గొడుగు కిందికి మరింత నేరుగా వచ్చాయి. రెండు మార్పులూ అభ్యర్థుల ఎంపికను తాకేవే. రాష్ట్రాలు పెద్దవైతే స్థానిక జాబితా తయారుచేసే చేతులు తగ్గుతాయి. గతంలో ఒక్కో సంఘం తన ప్రతినిధి కోసం ఫ్రంట్‌తో చేసుకునే బేరం ఇప్పుడు ఫ్రంట్ అంతర్గత వ్యవహారమవుతుంది. కాబట్టి కొత్త సభను అంచనా వేసేటప్పుడు పోలింగ్ శాతం, పార్టీ సభ్యుల వాటా అంతగా ఉపయోగపడవు, అవి ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. తుది జాబితాలోకి వచ్చిన స్వయం ప్రతిపాదితుల సంఖ్య, పూర్తికాల సభ్యుల వాటా, కేంద్రం పంపిన అభ్యర్థుల్లో ఓడిపోయినవారి లెక్క, ఈ మూడే నిజంగా కదిలే అంకెలు. 2007లో 43 మంది, 2011లో 42 మంది పార్టీయేతరులు సభలో ఉండేవారు. 2016 నాటికి వారు 21 మంది, 2021 నాటికి 14 మంది అయ్యారు.